మీ పంచాయతీకి వచ్చిన డబ్బు ఎటు పోయిందో కనుక్కోవడం ఎలా? ఒక్క పని పట్టుకోండి చాలు

గ్రామసభలో ఎవరో ఒకరు లేచి "ఊరికి వచ్చిన నిధులన్నీ ఏమయ్యాయి?" అని గట్టిగా అడుగుతారు. "అన్నీ ఊరి అభివృద్ధికే ఖర్చుపెట్టాం" అని పైనుంచి జవాబొస్తుంది, వెనక కూర్చున్న నలుగురు చప్పట్లు కొడతారు, సభ ముగుస్తుంది. అదే మనిషి "రామాలయం వీధిలో వేసిన సీసీ రోడ్డుకి ఎస్టిమేట్‌లో మందం ఎంత, ఎం బుక్‌లో ఎంత రాశారు, బిల్లు ఎవరి ఖాతాలో పడింది?" అని అడిగి ఉంటే చప్పట్లకి చోటుండదు, కార్యదర్శి ఫైలు తీయాల్సిందే. (ఎం బుక్ అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం.) అందుకే చెప్తున్నా, మొత్తం పంచాయతీ లెక్క తేల్చేద్దామని బయల్దేరకండి. మీకు కళ్లముందు కనబడే ఒక్క పని తీసుకుని తీర్మానం నుంచి చివరి బిల్లు దాకా దాన్ని వదలకుండా పట్టుకోండి.

ఆ పని ఎంచుకునే ముందు డబ్బు ఏ దారిలో వచ్చిందో తెలియాలి, లేకపోతే లేనిచోట వెతుక్కుంటూ కూర్చుంటాం. ఇంటి పన్ను, కుళాయి ఫీజు, సంత వేలం, లైసెన్సులు, లేఅవుట్ ఫీజులు పంచాయతీ సొంత ఆదాయం, ఆఫీసు భాషలో సాధారణ నిధులు. భూముల రిజిస్ట్రేషన్ మీద వచ్చే సుంకంలో వాటా, ఇసుక కంకర తవ్వకం మీద కట్టే రుసుము (సీనరేజి) లాంటివి రాష్ట్రం నుంచి వస్తాయి. మూడోది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు, చాలా చిన్న ఊళ్లకి అసలు ఆధారం ఇదే. ఇవి కాకుండా ఎంపీ నిధులు, ఎమ్మెల్యే నిధులు, ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో వేసిన రోడ్లు ఉంటాయి. ఈ పనులు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం చేతుల మీదుగా జరుగుతాయి కాబట్టి వాటి బిల్లులు మీ సర్పంచు పుస్తకాల్లో కనబడవు. ఊళ్లో సీసీ రోడ్లలో చాలా భాగం ఈ కోవవే. కాబట్టి ముందు వెళ్లి శిలాఫలకం చదవండి. మంత్రి గారి పేరు, ఎమ్మెల్యే గారి పేరు అంత పెద్ద అక్షరాల్లో చెక్కి ఉన్నా, అడుగున ఎక్కడో ఏ పథకం, ఎంత అంచనా అని ఒక లైను ఉంటుంది. మనకి కావాల్సింది ఆ లైనే.

ఆర్థిక సంఘం గ్రాంటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకి 2,36,805 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. ఇందులో 60 శాతం టైడ్ గ్రాంటు, అంటే కట్టడి ఉన్న డబ్బు: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి నిల్వకి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకి, ఆఫీసు నిర్వహణకి వాడకూడదు. ఇది గుర్తుంటే సగం పని అయినట్టే. టైడ్ డబ్బుతో పంచాయతీ ఆఫీసుకి ఏసీ కొన్నట్టు కనిపిస్తే ఇక మీరు వేరే ప్రశ్న వెతుక్కోనక్కర్లేదు.

ఇంకోటి, గ్రాంటు అసలే రాని కాలాలు కూడా ఉన్నాయి, వాటిని సర్పంచు ఖాతాలో వేయకూడదు. తెలంగాణలో పంచాయతీల గడువు 2024 జనవరి ఆఖరుతో ముగిసింది, మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యలో నడిపింది ప్రత్యేకాధికారులు. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే కేంద్రం డబ్బిస్తుంది కాబట్టి ఆ గ్రాంటు ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులే పార్టీలకతీతంగా రోడ్డెక్కారు. అంటే లెక్క అడగాల్సింది కింద పంచాయతీని మాత్రమే కాదు, పైన ప్రభుత్వాన్ని కూడా. ఊరి రాజకీయంలో పడి ఈ సంగతి మర్చిపోతుంటాం.

ఇక ఫోన్ తీయండి. ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ 2020 ఏప్రిల్ 24న, అంటే పంచాయతీరాజ్ దినోత్సవం నాడు మొదలైంది. చూడటానికి లాగిన్ అక్కర్లేదు. రిపోర్టుల దగ్గరికి వెళ్లి ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటూ పోవాలి. అక్కడ మండలం అని ఉండదు, బ్లాక్ అని ఉంటుంది, కంగారు పడొద్దు. ఊరి పేరు ఇంగ్లిషు స్పెల్లింగు మీరు రాసినట్టు ఉండకపోవచ్చు, పల్లె, పల్లి, పల్లే అని రకరకాలుగా కొట్టి పెట్టి ఉంటారు. కొత్త జిల్లాలు వచ్చిన ఊళ్ల వాళ్లు, కొత్త జిల్లా కింద పాత సంవత్సరాలు దొరక్కపోతే పాత జిల్లా పేరుతో కూడా ఒకసారి చూడండి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా, సంక్రాంతికి వేసిన రోడ్డు ఏ సంవత్సరంలోకి వస్తుందో లెక్కేసుకుని వెతకండి.

అక్కడ రెండు చూడాలి. ఒకటి ఆ ఏడాదికి ఆమోదించిన ప్రణాళిక, అందులో ఏ పనికి ఎంత అనుకున్నారో ఉంటుంది. రెండోది ఖర్చు, వోచర్లు, అంటే ఒక్కో చెల్లింపుకీ రాసిన కాగితాలు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రణాళికలో ఉన్న డ్రైనేజీ ఏమైందో, ప్రణాళికలో లేని మోటారు రిపేరు ఎక్కణ్నుంచి ఊడిపడిందో తెలుస్తుంది. మేరీ పంచాయత్ అనే యాప్‌లో కూడా ఈ వివరాలు చూడొచ్చు గానీ, వోచర్లు కూర్చుని చదవడానికి కంప్యూటరే సుఖం.

వోచర్లు చదవడం ఒక కళ. రోడ్డు లాంటి పెద్ద పని పదిమంది కళ్లముందు జరుగుతుంది కాబట్టి మరీ మాయం చేయడం కష్టం. చిన్న చిన్న బిల్లుల దగ్గరే అసలు చూడాలి: బ్లీచింగ్ పౌడరు, వీధి దీపాల బల్బులు, పైపులైను లీకేజీ, బోరు మోటారు రిపేరు, పిచ్చిమొక్కల తొలగింపు, జేసీబీ అద్దె. ఇవి చేశారో లేదో నెల తిరిగాక ఎవరూ తేల్చలేరు. బ్లీచింగ్ వానకి కొట్టుకుపోతుంది, మొక్కలు మళ్లీ మొలుస్తాయి, మోటారు ఎన్నిసార్లు కాలిందో మోటారుకే తెలియాలి. కాబట్టి ఇలా చూడండి: డబ్బు ఎవరి పేరున పడింది? బల్బులకీ, బ్లీచింగ్‌కీ, జేసీబీకీ, పైపులకీ ఒకే పేరు వస్తోందా? ఒకే రోజు ఒకే మనిషికి మూడు నాలుగు ముక్కలుగా బిల్లులు పాసయ్యాయా? పెద్ద మొత్తమైతే టెండరు పిలవాలి, అది తప్పించుకోవడానికి ముక్కలు చేయడం పాత అలవాటు. మార్చి ఆఖరి వారంలో ఒక్కసారిగా వోచర్లు గుట్టపడ్డాయా? వివరణలో చోటు పేరు లేకుండా ఉత్తినే "పారిశుద్ధ్య పనులు" అని రాశారా?

ఇవన్నీ అనుమానాలే, రుజువులు కావు. ఇది నొక్కి చెప్పాలి, ఎందుకంటే స్క్రీన్‌షాట్ తీసి "దొంగ దొరికాడు" అని ఊరి వాట్సాప్ గ్రూపులో వేసేసే వాళ్లు ఎక్కువైపోయారు. నిధులు లేనప్పుడు సర్పంచో కార్యదర్శో సొంత డబ్బు పెట్టి పని చేయించి, గ్రాంటు పడ్డాక ఒకేసారి బిల్లులు పెట్టుకోవడం మామూలే. మార్చిలో గుట్టపడ్డానికి అదీ ఒక కారణం. పైగా కొన్ని ఖర్చులకి ఇచ్చే పరిమితి చూస్తే జాలేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 15, జనవరి 26 వేడుకలకి మైనర్ పంచాయతీలు 100 రూపాయలు, మేజర్ పంచాయతీలు 250 రూపాయలే ఖర్చుపెట్టాలన్న లెక్క 2024 దాకా నడిచింది, ఆ ఏడాదే దాన్ని 10 వేలు, 25 వేలు చేశారు. 100 రూపాయలకి చాక్లెట్లు కూడా రావు కదా, మరి అన్నేళ్లూ ఆ మిగతా డబ్బు ఏ పద్దులో రాసుంటారో ఊహించుకోండి.

పోర్టల్‌లో కనబడేది సగం కథే. అక్కడ ప్రధానంగా ఆర్థిక సంఘం డబ్బు లెక్క ఉంటుంది. మీరు కట్టిన ఇంటి పన్ను, సంత వేలంలో వచ్చిన సొమ్ము ట్రెజరీ ద్వారా నడుస్తాయి, ఆ లెక్క పంచాయతీ నగదు పుస్తకంలో చూడాలి. అక్కడికి వెళ్లాలంటే సమాచార హక్కు చట్టమే దారి.

దరఖాస్తు రాసేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు, "గత ఐదేళ్ల మొత్తం ఆదాయ వ్యయాల వివరాలు ఇవ్వండి" అని రాయడం. అలా అడిగితే "సమాచారం విస్తారంగా ఉంది, ఆఫీసుకి వచ్చి చూసుకోండి" అని ఒక లైను జవాబొస్తుంది. "ఎందుకు", "ఎవరి తప్పు" అని కూడా అడగకండి. ఆ చట్టం కింద వాళ్లు ఇవ్వాల్సింది వాళ్ల దగ్గరున్న రికార్డు, సంజాయిషీ కాదు. ఇలా రాయండి:

పౌర సమాచార అధికారి, గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. 2022-23 ఆర్థిక సంవత్సరంలో మా గ్రామంలో రామాలయం నుంచి హైస్కూలు వరకు వేసిన సీసీ రోడ్డుకు సంబంధించి ఈ కింది వాటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు. పనిని ఆమోదించిన పంచాయతీ తీర్మానం. ఎస్టిమేటు, పరిపాలన అనుమతి, సాంకేతిక అనుమతి. ఎం బుక్‌లో ఈ పనిని నమోదు చేసిన పేజీలు. చెల్లించిన బిల్లులు, వోచర్లు, చెల్లింపు తేదీలు, ఏ పద్దు నుంచి చెల్లించారో ఆ వివరం. ఈ సమాచారం మీ వద్ద లేకపోతే సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయగలరు. మొదటి అప్పీలు అధికారి హోదా, చిరునామా తెలియజేయగలరు.

కింద మీ పేరు, అడ్రసు, సంతకం, తేదీ, అంతే. ఎందుకు అడుగుతున్నారో రాయనక్కర్లేదు, వాళ్లు అడగనూ కూడదు, సెక్షన్ 6(2) అదే చెప్తుంది. ఫీజు సంగతి చాలామందికి తెలియదు: రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసుకి దరఖాస్తు ఉచితం, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఈ ఫీజుకి కోర్టు ఫీజు స్టాంపు అంటించినా సరిపోతుంది. నకళ్లకి మామూలు ఏ4 పేజీకి 2 రూపాయలు. చేతికిస్తే రెండో కాపీ మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. గడువు లెక్కకి ఆ తేదీయే ఆధారం.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా సగమే వస్తే, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి నకళ్ల డబ్బులు తీసుకోకూడదు. కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకి 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది. కమిషన్ దాకా వెళ్తే చాలా నెలలు పడుతుందన్నది మాత్రం ముందే తెలుసుకుని దిగండి. నిజానికి చాలా కేసులు మొదటి అప్పీలు కాగితం చూడగానే కదులుతాయి.

కాగితం పెట్టిన మర్నాడే ఫోనొస్తుంది. "ఏం తమ్ముడూ, నన్నడిగితే చెప్పేవాణ్ని కదా, కాగితం దాకా ఎందుకు?" అని కార్యదర్శి. సాయంత్రానికి సర్పంచు తరఫున మీ మేనమామో, వరసకి బాబాయో ఇంటికొస్తాడు, "మనలో మనకెందుకురా ఇవన్నీ" అని. గొడవ పెట్టుకోకండి. "మీరు చెప్పేదే కాగితం మీద ఇచ్చేయండి సార్, నాకూ పని అయిపోతుంది" అనండి చాలు. ఒక్కరే కాకుండా ముగ్గురు నలుగురు ఎవరి పేరున వాళ్లు వేర్వేరు పనుల మీద దరఖాస్తులు పెడితే ఒత్తిడి ఒక్క ఇంటి మీద పడదు. వార్డు మెంబర్లలో ఒకరు మీ వైపు ఉంటే ఇంకా మంచిది, వాళ్లకి సమావేశంలో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం అడిగి చూసే చనువుంటుంది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచుతో పాటు ఉప సర్పంచు సంతకం కూడా కావాలి కాబట్టి ఉప సర్పంచుని తప్పించుకు తిరగనివ్వకండి, ఆయన సంతకం లేనిదే ఆ బిల్లు దాటదు.

నకళ్లు చేతికొచ్చాక ఎం బుక్ పేజీ తీయండి. భయపడాల్సిందేమీ లేదు. నంబరు, పొడవు, వెడల్పు, లోతు, చివర్లో పరిమాణం, అన్నీ మీటర్లలో. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మందం అని ఉంటే గుణిస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఇప్పుడు టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లండి. పొడవు, వెడల్పు ఎవరైనా కొలుస్తారు, అక్కడ తేడా చేసేంత అమాయకులు తక్కువ. మందం దగ్గరే ఉంది విషయం. రోడ్డు చివర మట్టిలో కలిసేచోట, లేదా పక్కన కుళాయి పైపు కోసం తవ్వినచోట కాంక్రీటు అంచు బయటపడి ఉంటుంది, అక్కడ స్కేలు పెట్టండి. ఒక్కచోట కాదు, నాలుగైదు చోట్ల. అంచుల్లో మందంగా కనిపించేలా పోసి మధ్యలో పల్చగా లాగేయడమూ ఉంది, కాబట్టి మధ్యలో ఎక్కడైనా పగిలిన చోటు దొరికితే వదలకండి. 15 సెంటీమీటర్లకి 10 వస్తే మూడో వంతు కాంక్రీటు కాగితం మీదే ఉందన్నమాట. కొలిచేటప్పుడు ఫోటోలో స్కేలు అంకెలు, వెనకాల గుర్తుపట్టే ఇల్లో గుడో పడేలా చూసుకోండి.

మీరు సొంతంగా కొలిచింది ఒప్పుకోం అంటారు. దానికీ చట్టంలో దారుంది. సమాచారం అంటే నకళ్లు మాత్రమే కాదు, పనుల్ని, రికార్డుల్ని తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనాలు తీసుకోవడం కూడా సెక్షన్ 2(జె)లో ఉంది. కాబట్టి రెండో దరఖాస్తులో "పని తనిఖీకి, కాంక్రీటు నమూనాకి తేదీ ఇవ్వండి" అని రాయొచ్చు. రికార్డులు చూడ్డానికి మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి 15 నిమిషాలకి 5 రూపాయలు. నగదు పుస్తకం, ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు లాంటి లావుపాటివి నకళ్లు తీసుకునే బదులు ఇలా కూర్చుని చూసి, కావాల్సిన పేజీలకే నకలు అడగడం జేబుకి మేలు.

ఆడిట్ రిపోర్టు మర్చిపోకండి. పంచాయతీ లెక్కల్ని రాష్ట్ర ఆడిట్ శాఖ వాళ్లు చూసి అభ్యంతరాలు రాస్తారు: వోచరు లేదు, తీర్మానం లేదు, స్టాకు రిజిస్టరులో ఎక్కలేదు, అడ్వాన్సు సర్దలేదు. మీరు నెలల తరబడి వెతికేది వాళ్లు ఎప్పుడో రాసి పెట్టి ఉండొచ్చు, దానికి జవాబే ఇవ్వకుండా ఏళ్లు గడిచి ఉండొచ్చు. "గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, వాటికి పంచాయతీ ఇచ్చిన జవాబుల నకళ్లు" అని ఒక దరఖాస్తు పెట్టండి. ఆర్థిక సంఘం డబ్బు మీద జరిగిన ఆడిట్ కోసం ఆడిట్ ఆన్‌లైన్ అనే సైటు కూడా ఉంది.

ఉపాధి పనుల్లో ఈ లెక్క అడిగే పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశే దేశానికి చూపించింది. 2006 నుంచి సామాజిక తనిఖీ మొదలుపెట్టి, 2009లో దానికి విడిగా ఒక సొసైటీ పెట్టారు. ఊళ్లో మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టికలు చదివి, ఇంటింటికీ వెళ్లి "నువ్వు ఈ పనికి వెళ్లావా, నీకు ఇంత ముట్టిందా" అని అడిగి, మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివేవారు. మన రోడ్డుకీ అదే చేయొచ్చు. బిల్లులో ఉన్న కూలీల్ని, ఇసుక తోలిన ట్రాక్టరు యజమానిని అడిగితే సరిపోతుంది, ఎక్కువగా మన ఊరివాళ్లే కదా.

ఇప్పుడు గ్రామసభకి వెళ్లండి. తెలంగాణ చట్టం రెండు నెలలకోసారి పెట్టాలంటుంది, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి కనీసం రెండుసార్లు. 2024 ఆగస్టు 23న ఏపీలో ఒకే రోజు 13,326 పంచాయతీల్లో సభలు పెట్టారు. అంటే పెట్టాలనుకుంటే పెట్టగలరన్నమాట. సభలో ప్రసంగం వద్దు. కాగితం మీద మూడు ప్రశ్నలు రాసి, చదివి, ఆ కాగితం కార్యదర్శికి ఇచ్చి "ఇది మినిట్స్‌లో రాయండి" అనండి. సంతకాలు పెట్టేముందు పుస్తకంలో రాశారో లేదో చూడండి, ఖాళీ పేజీ మీద సంతకాలు సేకరించే అలవాటు చాలా ఊళ్లలో ఉంది, దానికి మాత్రం ఒప్పుకోకండి.

ఊరికి దూరంగా ఉన్నవాళ్లకి కూడా ఇందులో పనుంది. బెంగళూరులో, డల్లాస్‌లో కూర్చుని పోర్టల్‌లో వోచర్లు చదివి పట్టిక చేసి పంపొచ్చు. ఊళ్లో ఉన్నవాళ్లకి ఓపిక లేనిది సరిగ్గా ఆ పనికే. దరఖాస్తు పెట్టే హక్కు మాత్రం భారత పౌరులకే. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇంట్లో ఇంకెవరి పేరునైనా పెట్టించాలి.

తేడా ఉందని కాగితాలతో తేలితే ఫిర్యాదు జిల్లా పంచాయతీ అధికారికి, దాని నకలు కలెక్టరుకి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి, ఏపీలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పార్టీల పేర్లు, "దోపిడీ", "భూబకాసురులు" లాంటి మాటలు రాయకండి. ఎస్టిమేటులో ఇంత, ఎం బుక్‌లో ఇంత, కొలిస్తే ఇంత, బిల్లు ఇంత, క్వాలిటీ కంట్రోల్ వాళ్లతో కొలిపించండి, తేడా ఉంటే రికవరీ చేయండి. ఒక్క పేజీలో ఇంతే, వెనక నకళ్లు జత. అర్జీ నంబరు ఇచ్చిన స్లిప్పుని అక్కడే ఫోటో తీసుకోండి. అర్జీ తిరిగి తిరిగి విచారణకి అదే మండల ఆఫీసుకి రావడం, "విచారించి పరిష్కరించాం" అని మెసేజ్ రావడం మామూలే. అప్పుడు ఆ అర్జీ నంబరు వేసి, ఆ విచారణ నివేదిక నకలు ఇవ్వమని ఎంపీడీఓ ఆఫీసుకి 5 రూపాయల స్టాంపు అంటించి ఇంకో దరఖాస్తు పెట్టండి.